కాదని తేల్చే పనితనం

2015 సెప్టెంబరు 17న అమెరికాలోని సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీలో ఒక కంప్యూటరు ముప్ఫై ఒక్క రోజులుగా చేస్తున్న లెక్కను ముగించింది. ఫలితాన్ని సర్వరుకు పంపి ఇంకో లెక్క అందుకుంది. ఆ పంపింది మామూలు ఫలితం కాదు. అప్పటిదాకా ఏ మనిషికీ తెలియని ప్రధాన సంఖ్య, 2 కోట్ల 23 లక్షల పైచిలుకు అంకెలది, అప్పటికి తెలిసినవాటన్నిటికన్నా పెద్దది. ఇలాంటిది తగిలితే నిర్వాహకులకు వెంటనే ఈమెయిల్ వెళ్ళాలి. వెళ్ళలేదు. ఆ సంఖ్య దాదాపు నాలుగు నెలలు సర్వరులోనే పడి ఉంది. 2016 జనవరి 7న రికార్డులు సర్దుతుంటే ఒకరి కంటపడింది.

అప్పుడు ఒక చిక్కుప్రశ్న వచ్చింది. దీన్ని కనుక్కున్న తేదీ ఏది? యంత్రం చెప్పిన రోజా, మనిషి చూసిన రోజా? నిర్వాహకులు మనిషి చూసిన రోజే అన్నారు. అందుకు పాత పూర్వాచారం ఒకటి ఉంది. 1961లో అలెగ్జాండర్ హర్విట్జ్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో ఐబీఎం యంత్రం మీద ఇదే పని చేశాడు. యంత్రం అచ్చువేసిన కాగితాల కట్టను ఆయన చివరినుంచి వెనక్కి చదువుతూ వచ్చాడు. దాంతో 2ను 4423 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ముందు కనిపించింది. 4253 సార్లు గుణించగా వచ్చేది ఆ తర్వాత క్షణాల్లో కనిపించింది. యంత్రానికి ముందు తగిలింది చిన్నదే. అయినా తెలిసినవాటిలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య అన్న బిరుదు దానికి ఒక్క క్షణం కూడా దక్కలేదనే లెక్క. ఇంత పట్టింపు ఉన్నవాళ్ళ పని ఎలా ఉంటుందో దగ్గర్నించి చూడాలనిపించింది.

వీళ్ళ సంస్థ పేరు గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్. పొట్టిగా గింప్స్ అంటారు. దీన్ని 1996 జనవరిలో జార్జ్ వోల్ట్‌మన్ అనే ప్రోగ్రామరు ఫ్లోరిడాలో మొదలుపెట్టాడు. తను రాసిన ప్రోగ్రాంను ఉచితంగా పంచి, మీ కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు దీన్ని నడపండి, ఫలితం నాకు పంపండి అన్నాడు. మొదట్లో లెక్కలు పంచడం, ఫలితాలు రాసుకోవడం అన్నీ ఈమెయిళ్ళలోనే జరిగేవి. 1997లో స్కాట్ కురోవ్‌స్కీ ప్రైమ్‌నెట్ అనే సర్వరు కట్టాక ఆ పంపకం దానంతటదే జరిగిపోతోంది.

అంతకు ముందు ఈ వేట సూపర్ కంప్యూటర్ల సొత్తు. 1996 సెప్టెంబరులో కూడా క్రే కంపెనీ యంత్రం మీద డేవిడ్ స్లోవిన్‌స్కీ, పాల్ గేజ్ ఒక కొత్త రికార్డు ప్రకటించారు. రెండు నెలలు తిరిగేసరికి, నవంబరు 13న, ఫ్రాన్స్‌లో ఒక యువ ప్రోగ్రామరు ఇంట్లో వాడుకునే పెంటియం కంప్యూటరు దాన్ని దాటేసింది. 90 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 88 గంటల లెక్క, 4,20,921 అంకెల సంఖ్య. ఆ తర్వాత మెర్సెన్ ప్రధాన సంఖ్య ఏది దొరికినా గింప్స్‌కే దొరికింది.

మెర్సెన్ సంఖ్యలంటే చెప్పడం తేలికే. 2ను ఒక ప్రధాన సంఖ్య ఎన్నయితే అన్నిసార్లు గుణించి ఒకటి తీసెయ్యాలి. రెండుసార్లు గుణిస్తే 3, మూడుసార్లకు 7, అయిదుసార్లకు 31, ఏడుసార్లకు 127 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇంకేం, సూత్రం దొరికిందనుకునే లోపు పదకొండు దగ్గర బండి ఆగుతుంది. 2047 వస్తుంది, అది 23 ఇంటూ 89. ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో 257 దాకా ఏ ఘాతాలకు ప్రధాన సంఖ్య వస్తుందో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 257 తప్పులు. 61, 89, 107 వదిలేశాడు. ఆ తప్పులన్నీ దిద్దడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. పేరు మాత్రం ఆయనకే ఉండిపోయింది. 2024 అక్టోబరు నాటికి ఇలాంటివి 52 తెలుసు.

ఈ సంఖ్యల మీద మోజు ఇంకా పాతది. తనకన్నా చిన్న కారణాంకాలన్నీ కలిపితే తిరిగి తనే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 అలాంటిది, 28 అలాంటిది. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ చూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ అలా పుట్టినవేనని తర్వాత ఆయిలర్ నిరూపించాడు. ఈ చుట్టరికంలో మన తెలుగాయన కూడా ఒకరున్నారు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టి కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీలో స్థిరపడిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1966లో వారెన్ అనే మరో గణితజ్ఞుడితో కలిసి ఆయన పరిపూర్ణ సంఖ్యల నిర్వచనాన్ని కాస్త మార్చి కొత్త జాతిని కనిపెట్టాడు. సంఖ్యను రెండుగా విడగొట్టినప్పుడు ఆ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేకుంటేనే వాటిని లెక్కలోకి తీసుకోవాలన్నాడు. ఆ షరతుతో 6, 60, 90 వస్తాయి. తర్వాతది 87,360. ఇలాంటివి ఎక్కువ ఉండవని, ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని ఆయన ఊహ. ఇప్పటికి అయిదే దొరికాయి.

ఇక పనిలోకి వద్దాం. ఒక ఘాతం వాలంటీరు చేతికి రాగానే అసలు పరీక్ష మొదలవదు, ముందు జల్లెడ ఉంటుంది. మెర్సెన్ సంఖ్యకు కారణాంకమంటూ ఉంటే అది ఘాతానికి రెట్టింపును ఏదో ఒక సంఖ్యతో గుణించి ఒకటి కలిపినదై ఉండాలి. పైగా 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 2047 విషయంలో ఘాతం 11, రెట్టింపు 22. 23, 45, 67, 89 వరసగా వస్తాయి. 45, 67లను ఎనిమిది షరతు కొట్టేస్తుంది. మిగిలిన 23, 89 రెండూ నిజంగానే కారణాంకాలు. అదే ఘాతం 13,62,79,841 అయితే? చూడాల్సిన మొదటి అభ్యర్థే 27 కోట్లు దాటి ఉంటుంది. అంతకన్నా చిన్నవన్నీ చూడకుండానే పోయాయి. ఒక్కో అభ్యర్థిని పరీక్షించడానికి కోట్ల అంకెల సంఖ్యను తయారు చెయ్యక్కర్లేదు. ఘాతాన్ని బైనరీలో రాసుకుని, 27 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ శేషం మాత్రం ఉంచుకుంటే చాలు. ఈ జల్లెడలో చాలా ఘాతాలు పోతాయి. కారణాంకం దొరికితే దాన్ని సరిచూడటం క్షణం పని, కాబట్టి ఇలా కొట్టేసినవాటి మీద అనుమానానికి తావుండదు.

జల్లెడలో నిలిచినవాటికి అసలు పరీక్ష. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ లూకా 19వ శతాబ్దంలో మొదలుపెట్టిన దాన్ని అమెరికాలో డెరిక్ లేమర్ 20వ శతాబ్దంలో చక్కదిద్దాడు. ఇది ఇంత చిన్నదా అని చదివిన ప్రతిసారీ ఆశ్చర్యమేస్తుంది. 4తో మొదలుపెట్టు. వర్గం చెయ్యి, 2 తీసెయ్యి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. ఘాతానికి రెండు తక్కువ సార్లు ఇదే చెయ్యి. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 31తో చూద్దాం, ఘాతం 5 కాబట్టి మూడుసార్లు. 4 నుంచి 14 వస్తుంది. 14 వర్గంలో రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గంలో రెండు తీస్తే 62, శేషం సున్నా. తేలిపోయింది. సున్నా రాకుంటే ఆ సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయని ఖాయం. కానీ అవి ఏమిటో ఈ పరీక్ష చెప్పదు. సంతలో కుండను వేలితో కొట్టి చూసే ఇల్లాలికి పగులుందని చప్పుడే చెబుతుంది, ఎక్కడుందో మాత్రం చెప్పదు, అలాగే.

పరీక్ష చిన్నదే, సంఖ్యలే పెద్దవి. 13 కోట్ల ఘాతం దగ్గర మధ్యలో వచ్చే శేషాలు ఒక్కోటి 4 కోట్ల అంకెలు. దాన్ని వర్గం చెయ్యాలి, అదీ 13 కోట్లకు పైగా సార్లు, ఒకదాని తర్వాత ఒకటి. ముందరిది పూర్తికానిదే తర్వాతది మొదలవదు కాబట్టి పదిమందికి పంచి త్వరగా చేద్దామన్నా కుదరదు. పనినంతా పంచుకుంటారు గానీ, ఒక్కో సంఖ్య భారం ఒక్కో యంత్రానిదే.

అక్కడ మెర్సెన్ సంఖ్యల స్వభావం ఒక పెద్ద ఉపకారం చేసింది. వీటిని బైనరీలో రాస్తే అన్నీ ఒకట్లే. అందువల్ల వీటితో భాగించి శేషం కనుక్కోవడానికి భాగహారం అసలు అక్కర్లేదు. 194 బైనరీలో 11000010. కుడివైపు అయిదు స్థానాల్లో ఉన్నది 2. మిగిలిన ఎడమ భాగంలో 6. రెండూ కలిపితే 8. పైన 31తో భాగించి తెచ్చుకున్న శేషం ఇదే. పొంగిన భాగాన్ని తెచ్చి కింద కలపడమే పని. 4 కోట్ల అంకెలకైనా అంతే.

మిగిలింది వర్గం. బళ్ళో నేర్పిన పద్ధతిలో ప్రతి ముక్కనూ ప్రతి ముక్కతో గుణించాలి. సంఖ్యను 70 లక్షల ముక్కలు చేసుకున్నామనుకుంటే ఒక్క వర్గానికి 49 లక్షల కోట్ల గుణకారాలు. అలా చేస్తే ఈ శతాబ్దంలో కొలిక్కి రాదు. అందుకని ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే దారి పట్టారు. ముక్కల వరసను ఒక తరంగంలా భావించి, దాన్ని వేర్వేరు పౌనఃపున్యాలుగా విడదీస్తారు. అలా విడదీశాక ఒక్కో పౌనఃపున్యం విలువను దానితో దాన్నే గుణిస్తే సరి, పక్కవాటితో పనిలేదు. తిరిగి వెనక్కి మార్చి, మిగులు అంకెలను ఎడమకు దొర్లిస్తే వర్గం సిద్ధం. లక్షల కోట్ల పని కొన్ని పదుల కోట్లలోకి దిగుతుంది.

ఈ దారి గింప్స్ కనిపెట్టింది కాదు, అందరికీ తెలిసినదే. దీని మీద చేసిన చెక్కుడు పని చూడాలి. మామూలుగా ఇలా గుణించేటప్పుడు జవాబు రెట్టింపు పొడవు వస్తుంది కాబట్టి ముందే అంత ఖాళీ చోటు సున్నాలతో నింపి ఉంచుతారు. మెర్సెన్ సంఖ్యల దగ్గర పొంగింది ఎలాగూ కిందికే వచ్చి కలుస్తుంది కదా, మరి ఖాళీ చోటెందుకు? ట్రాన్స్‌ఫామ్ స్వతహాగా గుండ్రంగా తిరిగేదే, చివర దాటింది మొదటికి వచ్చి పడుతుంది. కానీ ఘాతం ప్రధాన సంఖ్య, దాన్ని సమాన ముక్కలుగా కోయలేం. 1994లో రిచర్డ్ క్రాండల్, బ్యారీ ఫాగిన్ దీనికి ఉపాయం చెప్పారు. ముక్కలు కొన్ని 18 బిట్లవి, కొన్ని 19 బిట్లవిగా కోసి, ఆ ఎగుడుదిగుళ్ళను సరిచేసేలా ఒక్కోదాన్ని ఒక్కో తూకంతో ముందుగానే గుణించాలి. ఆ తూకాలు 2కు భిన్న ఘాతాలు. పూర్ణాంకాల లెక్కలో కరణీయ సంఖ్యలను తెచ్చి దింపి, పని అయ్యాక వాటి ఆనవాలు లేకుండా తీసేశారు! ట్రాన్స్‌ఫామ్ పొడవు సగమైంది, శేషం తీసే శ్రమ పూర్తిగా పోయింది.

ఇంకో చిన్న నేర్పు ఉంది. లెక్క అంతా నడిచేది దశాంశాలతో, కంప్యూటరు ఒక్కో సంఖ్యకు 53 బిట్ల కచ్చితత్వమే ఇస్తుంది. 18 బిట్ల ముక్కలు గుణిస్తే 36 బిట్లు, అలాంటివి 70 లక్షలు కూడితే 53 దాటిపోవాలి. దాటకుండా ఉండటానికి ముక్కలను సున్నా నుంచి పైకి కాకుండా, సున్నాకు అటూ ఇటూ, సగం ధనాత్మకంగా సగం రుణాత్మకంగా ఉంచుతారు. కూడేటప్పుడు అవి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. వచ్చిన జవాబులు పూర్ణాంకాలు కావాలి కాబట్టి, అవి పూర్ణాంకానికి ఎంత దూరంలో ఉన్నాయో ప్రోగ్రాం కనిపెడుతూ ఉంటుంది. 0.1, 0.2 దూరముంటే దగ్గరి పూర్ణాంకానికి సర్దేస్తుంది. 0.4 దాటితే గంట కొడుతుంది. 0.5 దగ్గర పైదా కిందదా అన్నది దేవుడికే తెలియాలి.

వోల్ట్‌మన్ ప్రోగ్రాం పేరు ప్రైమ్95. దాని గుండెకాయ అంతా అసెంబ్లీ భాషలో, అంటే ప్రాసెసరు సొంత భాషలో, ఆదేశం తర్వాత ఆదేశంగా రాసింది. ఇంటెల్ కొత్త తరం ప్రాసెసరు తెచ్చిన ప్రతిసారీ దానికి అనువుగా మళ్ళీ రాశాడు. ఎస్‌ఎస్‌ఈ2, ఏవీఎక్స్, ఏవీఎక్స్-512, వరసగా. 70 లక్షల ముక్కలంటే దాదాపు 60 ఎంబీ. మామూలు ప్రాసెసరు క్యాష్ మెమరీలో పట్టదు, మెయిన్ మెమరీ నుంచి తెచ్చుకోవాలి, అదేమో నెమ్మది. అందుకే ఆయన ఒక్కో వర్గానికి మెమరీని రెండు విడతల్లో మాత్రమే తడిమేలా పనిని మడతపెట్టాడు. ఒక వర్గం చివరి మెట్టు, మిగులు దొర్లించడం, తర్వాతి వర్గం మొదటి మెట్టు, ఈ మూడూ డేటా చేతిలో ఉండగానే ఒకే విడతలో అయిపోతాయి. మంచి కంపైలరు ఉన్న ఈ రోజుల్లో చేత్తో అసెంబ్లీ రాసేవాళ్ళు అరుదు. ముప్ఫై ఏళ్ళు ఒకే పని మీద కూర్చుని రాసినవాళ్ళు ఇంకా అరుదు. గుణకారాల భాగాన్ని ఆయన విడిగా ఒక లైబ్రరీగా ఇచ్చేశాడు. ప్రైమ్‌గ్రిడ్ లాంటి ఇతర వేటగాళ్ళు వాడేదీ ఆ లైబ్రరీనే.

ఈ ప్రోగ్రాం ప్రాసెసరును ఎంత పిండుతుందంటే, కంప్యూటర్లు కూర్చేవాళ్ళు యంత్రం గట్టిదో కాదో తేల్చడానికి దీన్ని నడుపుతారు. అందులో ఆ పనికోసమే ఒక విభాగం ఉంది, దాని పేరే టార్చర్ టెస్ట్. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో లోపం బయటపడింది కూడా ఇలాగే. 14942209 అనే ఘాతాన్ని పరీక్షిస్తుంటే యంత్రాలు స్తంభించిపోయేవి. వాలంటీర్లు పట్టుకున్నారు, ఇంటెల్ ఒప్పుకుని సవరణ ఇచ్చింది. ఇంతకీ ఈ పెద్ద సంఖ్యల వల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్ళకు చాలామంది ఈ కథే చెబుతారు. నాకది తప్పించుకునే జవాబులా అనిపిస్తుంది. బ్యాంకు లావాదేవీల రహస్యానికి కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు, కోట్ల అంకెలవి దేనికీ పనికిరావు. ఉపయోగం లేదు, పని బాగుంది, అంతే.

యంత్రాలు తప్పు చేస్తాయన్నది ఈ వేటలో మొదటినుంచీ ఉన్న సత్యం. మెమరీ వేడెక్కుతుంది, కరెంటు ఊగుతుంది, ఎవరో వేగం కోసం ప్రాసెసరును హద్దు దాటించి నడుపుతారు. 13 కోట్ల వర్గాల్లో ఎక్కడో ఒక్క బిట్ తారుమారైతే ఆ తర్వాతదంతా చెత్తే. ఇక్కడ ఒక వంకర ఉంది, నా మటుకు అసలు విషయమంతా అందులోనే ఉంది. పాడైన లెక్క చివర యాదృచ్ఛికంగా సున్నా రావడం దాదాపు అసంభవం, కాబట్టి తప్పు లెక్క వల్ల ఉత్తుత్తి ప్రధాన సంఖ్య పుట్టదు. కానీ నిజమైన ప్రధాన సంఖ్య చేతిలోకి వచ్చి, ఒక్క బిట్ తప్పుతో, కాదనిపించుకుని వెళ్ళిపోవచ్చు. దొరికిందన్న కబురును పదిమంది పదిసార్లు సరిచూస్తారు. కాదన్న లక్షల కబుర్లను ఎవరు సరిచూస్తారు?

సూపర్ కంప్యూటర్ల కాలంలో ఆ పట్టింపు తక్కువ, కొన్ని ఘాతాలను అసలు పరీక్షించకుండానే వదిలేసేవారు. స్లోవిన్‌స్కీ 1983లో 132049 ఘాతం దగ్గర, 1985లో 216091 దగ్గర రికార్డులు కొట్టాడు. వాటికన్నా చిన్నదైన 110503 దగ్గర ప్రధాన సంఖ్య ఉంది. అది 1988 దాకా బయటపడలేదు. వాల్టర్ కాల్కిట్, ల్యూక్ వెల్ష్ అనే ఇద్దరు వెనక్కి వెళ్ళి వదిలేసిన జాగాలు దున్నితే తగిలింది. రికార్డు కోసం ముందుకు పరిగెత్తేవాడు వెనక ఖాళీలు వదిలేస్తాడు. గింప్స్ సంకల్పం అది కాదు, ప్రతి ఘాతమూ పద్దులో ఉండాలి. అందుకే అక్కడ కూడా ఒక్కోసారి వరస తప్పి దొరికినా ఇబ్బంది లేదు. 2008 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో 43112609 దొరికింది. కోటి అంకెలు దాటిన మొదటిది అదే, దానికి లక్ష డాలర్ల బహుమతి కూడా వచ్చింది. రెండు వారాలకు జర్మనీలో దానికన్నా చిన్నది 37156667, మరుసటి ఏడాది నార్వేలో ఆ రెంటికీ మధ్యది 42643801 తేలాయి.

మొదటి ఇరవై ఏళ్ళు వాళ్ళ పద్ధతి, ప్రతి పరీక్షనూ ఇద్దరితో చేయించడం. మొదటి మనిషి పరీక్ష చివర మిగిలిన శేషంలో ఆఖరి 64 బిట్లు, అంటే 16 అక్షరాల ముక్క, సర్వరులో దాస్తారు. కొన్నేళ్ళ తర్వాత వేరే మనిషి, వేరే యంత్రం మీద అదే ఘాతాన్ని మొదటినుంచీ చేస్తాడు. రెండు ముక్కలూ సరిపోతే పద్దు మూస్తారు, లేకుంటే మూడోవాడికి పంపుతారు. నూటికి ఒకటి రెండు లెక్కలు అలా తప్పుగా తేలేవి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇద్దరూ ఒకే ప్రోగ్రాం వాడితే ఒకే తప్పు ఇద్దరికీ రావచ్చు కదా? అందుకని మొదటి 4ను ఎన్నో కొన్ని స్థానాలు ఎడమకు జరిపి మొదలుపెడతారు. ఆ జరపడం ఎవరికి వారికి వేరు. మెర్సెన్ సంఖ్యల దగ్గర అలా జరపడమంటే బిట్లను గుండ్రంగా తిప్పడమే. యంత్రానికి అందే సంఖ్యలన్నీ వేరుగా ఉంటాయి, చివర తిరిగి వెనక్కి జరిపితే జవాబు ఒకటే రావాలి.

ఇది నమ్మకమైన పద్ధతే, కానీ సగం కరెంటు సరిచూపుకే పోయేది. 2017లో రాబర్ట్ గెర్బిచ్ అనే హంగేరియన్ గణితజ్ఞుడు దీన్ని తలకిందులు చేశాడు. లూకా–లేమర్ పరీక్షకు బదులు ఫెర్మా పరీక్ష తీసుకుందాం అన్నాడు. ఇందులో 3తో మొదలుపెట్టి వర్గాలు చేసుకుంటూ పోవడమే, రెండు తీసేయడం లేదు. ఆ రెండు లేకపోవడమే కలిసొచ్చింది. ప్రతి వెయ్యి వర్గాలకొకసారి వచ్చిన విలువను నోట్ చేసుకుని, వాటన్నిటి లబ్ధాన్ని ఒక పక్కన పెంచుకుంటూ వెళ్ళండి. ఇప్పటి లబ్ధాన్ని వెయ్యిసార్లు వర్గం చేస్తే అందులోని ప్రతి విలువా తన తర్వాతి విలువగా మారుతుంది. దాన్ని మొట్టమొదటి విలువతో గుణిస్తే తర్వాతి లబ్ధం రావాలి. రెండు దారుల్లో ఒకే చోటికి చేరాలన్నమాట. చేరకపోతే మధ్యలో ఎక్కడో పొరపాటు జరిగింది, కిందటిసారి సరిపోయిన చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పది లక్షల వర్గాలకు ఒకసారి ఇలా చూసుకుంటే అదనంగా పడే శ్రమ రెండువేల గుణకారాలు, అంటే నూటికి 0.2. ఇరవై ఏళ్ళుగా నూటికి నూరు చెల్లిస్తున్న సరిచూపు ఖర్చు అది! ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ తట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. కాగితం మీద ఒక పేజీ బీజగణితం.

దాంతో యంత్రం తప్పులు తీరాయి, మనిషి సంగతి మిగిలింది. ఎవరైనా లెక్క చేయకుండానే చేశానంటే? 2018లో క్రిస్టాఫ్ పియట్‌జాక్ వేరే అవసరానికి, క్రిప్టోగ్రఫీ కోసం, ఒక నిరూపణ పద్ధతి ప్రచురించాడు. 2020లో గింప్స్ దాన్ని అందిపుచ్చుకుంది. లెక్క చేసినవాడు మొదలు, చివర, సరిగ్గా మధ్య విలువలు చూపించాలి. అప్పటికప్పుడు పుట్టే ఒక గుణకంతో రెండు సగాలనూ కలిపి ఒకటి చేస్తారు, ఇప్పుడు సరిచూడాల్సింది సగమే. దాన్ని మళ్ళీ సగం, మళ్ళీ సగం. ఎనిమిదిసార్లు మడిస్తే 256వ వంతు. ఆ గుణకం విలువల నుంచే పుడుతుంది కాబట్టి ముందుగా ఊహించి మోసం చేయడం కుదరదు. ఈ రుజువు ఫైలు వంద ఎంబీ దాటుతుంది. సర్వరు దానిలోంచి చిన్న లెక్క ఒకటి తీసి సంబంధం లేని ఇంకొకరికి పంపుతుంది. నూటికి అరవంతు శ్రమ కూడా లేకుండా కాదన్న మాట ఖాయమవుతుంది. ఇప్పుడు కొత్త ఘాతాలకు రెండోసారి పరీక్ష లేదు.

2018 డిసెంబరు తర్వాత దాదాపు ఆరేళ్ళు ఏమీ దొరకలేదు. ఆ ఆరేళ్ళూ వచ్చినవన్నీ కాదులే. 2024 అక్టోబరు 11న డబ్లిన్‌లోని ఒక ఎన్విడియా ఏ100 గ్రాఫిక్స్ ప్రాసెసరు 136279841 ఘాతానికి ఫెర్మా పరీక్షలో అవునంది. దాన్ని నడిపింది కాలిఫోర్నియాకు చెందిన ల్యూక్ డ్యురంట్, ఒకప్పుడు ఎన్విడియాలోనే పనిచేసినవాడు. 17 దేశాల డేటా సెంటర్లలో గ్రాఫిక్స్ ప్రాసెసర్లను అద్దెకు తీసుకుని ఈ పనికి పెట్టాడు. వాటి మీద నడిచే ప్రోగ్రాం మిహాయ్ ప్రెడా 2017లో మొదలుపెట్టినది. ఇంటి కంప్యూటర్ల ఉద్యమంలోకి డేటా సెంటర్లు వచ్చాయని పాతవాళ్ళకు కాస్త ముల్లు గుచ్చుకునే ఉంటుంది. అయినా ఫెర్మా పరీక్ష చెప్పే అవునుకు విలువ తక్కువ; అది బహుశా అంటుంది. అందుకే మర్నాడు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మరో ప్రాసెసరు మీద పాత లూకా–లేమర్ పరీక్షే నడిపించారు. సున్నా వచ్చింది. తర్వాత వేర్వేరు మనుషులు వేర్వేరు ప్రోగ్రాంలతో, వేర్వేరు యంత్రాల మీద మళ్ళీ చేసి చూశాకే, అక్టోబరు 21న బయటికి చెప్పారు. 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. పేజీకి రెండున్నర వేల చొప్పున అచ్చేస్తే 16 వేల పేజీలు దాటుతుంది. కంప్యూటరులో అయితే 17 ఎంబీ, అదీ అన్నీ ఒకట్లే.

ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఖ్యాతిని దొరికినవాడికి ఒక్కడికే రాయరు. ప్రోగ్రాం రాసినవాళ్ళు, సర్వరు చూసేవాళ్ళు, ఆపైన తదితరులు అని ఉంటుంది. కాదు కాదు అని చెబుతూ దారి ఖాళీ చేసిన వేలమంది ఆ తదితరుల్లో ఉన్నారు. దొరికినవాడికి గింప్స్ ఇచ్చేది మూడువేల డాలర్లు. పది కోట్ల అంకెలది దొరికితే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లక్షా యాభైవేల డాలర్లు ఇస్తానంది, అది ఇంకా ఎవరికీ దక్కలేదు.

చేరాలనుకునేవాళ్ళకు పెద్ద ఘాతాలే గతి అనేం లేదు. పాతకాలపు లూకా–లేమర్ ఫలితాల్లో రెండోసారి సరిచూడాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి, మామూలు యంత్రాలకు అవి ఇస్తారు. చిన్న ఘాతాల్లో కారణాంకాలు వెతికే పనీ ఉంది. వాటిలో 1277 సంగతి చెప్పాలి. 2ను 1277 సార్లు గుణించి ఒకటి తీస్తే వచ్చేది 385 అంకెలే, ఈ పేజీలో నాలుగైదు వరసల్లో పట్టేస్తుంది. అది ప్రధాన సంఖ్య కాదని ఎప్పుడో తేలింది, కానీ ఒక్క కారణాంకమూ ఇంతవరకు దొరకలేదు. అలాంటి మెర్సెన్ సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది అదే. కొందరు వాలంటీర్లు ఏళ్ళ తరబడి దాని మీదే యంత్రాలు నడుపుతున్నారు. దాన్ని ఎంచుకుంటే బహుమతి ఉండదు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.